సున్నపు పలుకులు

రోహిణి కార్తె ఎండకు
డిండి ప్రాజెక్టు వెనక్కి వెనక్కి పోయింది.
తూము గోడ మీద అంకెలు
పదహారు, పన్నెండు, తొమ్మిది,
ఆ కింద అంకెలు లేవు, ఉత్త బురద.

బురద మీద గీతలు.
ఎవరో పిల్లోడు పుల్లతో ఆడుకున్నట్టు
వంకరగ, నడుమ తెగి, మళ్ళ మొదలై.
ఒక్కో గీత చివర ఒక్కో ఆల్చిప్ప:
నీళ్ళ వెనకాల ఒంటికాలితో నడిచి నడిచి
ఇక చాతగాక నిలువున పాతుకున్నది.

ఈదమ్మ సిల్వర్ తట్టల ఏరుతున్నది.
పెద్దవి సున్నం బట్టీకి,
చిన్నవి దంచి కోళ్ళఫారానికి.
కిలో ఎంతని అడిగితే
వేరే ముచ్చట తీస్తది.

నేను దేవరకొండ కాలేజీల
జువాలజీ ల్యాబు అటెండరును.
సీసాల మందు నీళ్ళు మారుస్త,
బల్లలకంటిన కప్పల వాసన కడుగుత.
ప్రాక్టికల్స్‌కు ఇరవై చిప్పలు కావాలని
మేడం పంపితే వచ్చిన.

"స్వాతి వానకు నోరు తెరుస్తదంట గదా,
చినుకు పడితే ముత్యమంట?"
ఈదమ్మ నవ్వింది, గుట్కా కాదు, పొగాకు నవ్వు.
"యాభై ఏండ్ల సంది ఇప్పుతున్న.
ముత్యం దొరికితే గీ తట్టెందుకు మోస్త?"

అనుకుంటనే ఒకటి విప్పింది.
లోపల మొప్పలు ఉబ్బి ఉన్నయ్,
ఉగ్గుకు నూరిన పిండి రంగుల.
వేలు పెడితే
ఇసుక కన్న సన్నగ ఏదో తగిలింది.

బల్ల తుడుచుకుంట విన్న పాఠమే చెప్పిన:
మగది తన వంతు నీళ్ళకిచ్చేస్తది,
ఎవరికి చేరిందని అడగదు.
ఆడది ఊపిరి తీసుకుంటే
ఊపిరితోపాటు అదీ లోపలికొస్తది.
ఊపిరి తీసే చోటే కడుపైతది.
వేలకు వేలు పిల్లలు,
రెండు రెక్కల బుల్లి చిప్పలు.
కరిచి పట్టుకోవడం తప్ప
వాటికి ఇంకేం రాదు.
తల్లి నీళ్ళల్ల వదిలేస్తది.
నాలుగు పొద్దులు తిరిగేలోపు ఒక చేప దొరకాలె.

దొరికితే రెక్కనో మొప్పనో కరుస్తయ్.
చేప తోలు వాటి మీద మూసుకుంటది.
ఆ పొక్కుల పది దినాలో ఇరవై దినాలో,
చేప ఒంట్లది ఇంత ఇంత తాగి
కాలు తెచ్చుకొని, కడుపు తెచ్చుకొని,
పేరు తెలియని ఇసుక మీద
రాలిపోతయ్.

ఈదమ్మ కత్తి ఆగింది.
"అయితే గవేనా? ఆ సున్నపు పలుకులు?"

పోయినేడు మల్లేపల్లి అంగట్ల
ఆమె బొచ్చెల మొప్పలు ఎత్తి చూసి
తెల్లటి పలుకులున్నయని, రోగమని,
బేరగాండ్లు ఒక్కొక్కరే తప్పుకున్నరు.
పొద్దుగూకే దాక కూసొని
రెండు గంపలు గుంతల బోర్లించింది.
బస్సు కిరాయి గూడ అప్పు తెచ్చిందట.

"రోగమనుకుంటి. పిల్లలా అవ్వి!"
తట్ట మీది ఈగల్ని తోలలేదు.
చాలాసేపటికి, నా దిక్కు చూడకుంట,
"నువ్వు గూడ పండ్లు రాకముందే కరిసినవు.
మీ అమ్మ పోయి మూడో దినం.
నాకా పాలు లేకపాయె.
మేకపాలు గిసొంటి చిప్పల పోసి పడితి.
మడిమలు ఆరినంక మీ నాయినొచ్చి
పొద్దు పొద్దున్నే తీస్కపాయె."

నాకు గుర్తుండే వయసు కాదు.
కానీ ఆల్చిప్పతో మామిడికాయ చెక్కు తీస్తుంటే
నోట్లె నీళ్ళు పులుపుకు ఊరవు,
ఎందుకో ఇన్నేండ్లు అర్థం కాలే.

ఆమె లేచింది. విప్పిన చిప్ప దోసిట్ల పట్టుకొని
మోకాలి లోతు బురద తొక్కి
మిగిలిన నీళ్ళ దగ్గర వంగి కడిగింది,
పసిపిల్ల ముడ్డి కడిగినంత మెల్లగ.
పరకపిల్లలు జట్టుగ వచ్చి
ఆమె వేళ్ళను పొడిచినయ్.

సంచిల పందొమ్మిది.
స్టాక్ రిజిస్టర్ల రాసిన:
ఒకటి దారిల పగిలింది.
మేడం సంతకం పెట్టింది.